ప్లికర్స్ కార్డులు: మూడేళ్లు వాడాక

ప్లికర్స్ కార్డులు మా క్లాసుకి వచ్చి మూడు విద్యా సంవత్సరాలైంది. ఇవి నల్ల బొమ్మ, నాలుగు వైపులా A, B, C, D అక్షరాలు ఉన్న కార్డులు, పిల్లకొకటి. ఏ అక్షరం పైకి పెట్టి పట్టుకుంటే అదే ఆ పిల్ల జవాబు, టీచర్ ఫోన్‌లోని యాప్ దాన్ని కెమెరాతో చదువుతుంది. యాప్ ఎలా పెట్టుకోవాలి, పిల్లల పేర్లు ఎలా ఎక్కించాలి అనేవి చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి అవి వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. పిల్లల చేతిలో ఫోన్ లేదు, ట్యాబ్ లేదు. నా ఒక్క ఫోన్‌తో ప్రతి పిల్ల ఏమనుకుంటోందో పేరుతో సహా తెలిసిపోతుంది, అసలు నోరు తెరవని పిల్లతో సహా. అందుకే ఈ అట్టముక్కలంటే నాకంత ఇష్టం.

మాది ఊళ్లో ప్రాథమిక పాఠశాల. నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో, మొత్తం 24 మంది. అర్థమైందా అంటే అందరూ "అయింది సార్" అనేవాళ్లు. చెయ్యెత్తేది మాత్రం ఎప్పుడూ ఆ నలుగురే. ఇప్పుడు తాము అనుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటారు, నేను ఫోన్ కెమెరా గదంతా తిప్పుతాను. ఒక్కో కార్డు మీద బొమ్మ ఒక్కో రకంగా ఉంటుంది, అక్షరాలేమో చిన్నవి. పక్కవాడిని చూసి అలాగే తిప్పుదామన్నా కుదరదు.

పరీక్షలు పెట్టడానికి కాదు, పిల్లల చేత మాట్లాడించడానికే నేను వీటిని వాడతాను. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మాజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. ముందు ఎవరి జవాబు వాళ్లివ్వాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించుకోవాలి, ఆపైన మళ్లీ జవాబివ్వాలి. మొదటిసారి 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెప్పిన ప్రశ్న అయితే వాదనకి బాగా పనికొస్తుందంటారు. భిన్నాల పాఠంలో ఇది నన్ను ముగ్ధుణ్ణి చేసింది. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే సగం మంది నాలుగో వంతు అన్నారు. రొట్టె పంచుకోవడం గురించి మాట్లాడుకున్నాక అలా అనేవాళ్లు ఇద్దరే మిగిలారు. ఆ ఉత్సాహంలో, రెండోసారి జవాబు ఎప్పుడూ మెరుగవుతుందని తోటి టీచర్లకు చెప్పేశాను.

ఇప్పుడైతే "ఎప్పుడూ" అనను. దశాంశాల రోజున 0.5, 0.25 లలో ఏది పెద్దది అని అడిగాను. 24 మందిలో 9 మంది సరిగ్గా చెప్పారు. నలుగురేసి కూర్చోబెట్టి మూడు నిమిషాలిచ్చాను. గది హోరెత్తిపోయింది, నాకు సంబరమేసింది. మళ్లీ కార్డులు ఎత్తమంటే సరైనవి 5 వచ్చాయి! కెమెరా సరిగ్గా పట్టలేదేమోనని ఇంకోసారి తిప్పాను. అదే లెక్క. లెక్కల్లో అందరికంటే ముందుండే అబ్బాయి "ఐదు కన్నా ఇరవై అయిదు పెద్దది గదరా" అని గట్టిగా అన్నాడట. వాడి మాట అన్ని గుంపులకీ వినబడింది, వాడు చెప్పాక కాదనేదెవరు?

ఫోన్‌లో ఆ ఐదు పేర్లూ చూశాను. అందులో ఒకటి ఆ అబ్బాయి గుంపులోనే కూర్చున్న పిల్లది. ఆ ఏడాది మొత్తంలో ఆ పిల్ల నాతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే గొప్ప. పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "మా కొట్ల కాంటా మీద అద్దకిలోకి సున్నా పాయింటు ఐదు సున్నా సున్నా వస్తది సార్. పావుకిలోకి సున్నా పాయింటు రెండు ఐదు సున్నా" అంది, తలెత్తకుండానే. చాక్‌పీసు చేతికిస్తే బోర్డు మీద 0.500 కింద 0.250 రాసింది. ఆ అబ్బాయే అందరికంటే ముందు "అయితే మనం తప్పు చెప్పినం రా" అన్నాడు. మూడోసారి 22 మంది సరిగ్గా పట్టుకున్నారు.

ఆ కార్డు లేకపోతే ఆ పిల్ల దగ్గరికి నేను వెళ్లేవాణ్ణి కాదు. ఆ మాట ఇప్పటికీ గట్టిగా అంటాను. కానీ గొంతు పెద్దగా ఉన్నవాడు అందరినీ తనవైపు లాక్కుపోతుంటే కార్డు ఆపదు, జరిగిందేమిటో చూపిస్తుందంతే. అప్పట్నుంచి నలుగురి గుంపులు మానేశాను. మొదటి జవాబులు ఫోన్‌లో చూసుకుని, వేర్వేరు జవాబులిచ్చిన ఇద్దరిద్దరిని జత చేస్తున్నాను. తక్కువ మాట్లాడేవాళ్లే ముందు చెప్పాలి. జతలు కలపడానికే ఐదు నిమిషాలు పోతున్నాయి, అది నిజం.

ఒక జాగ్రత్త. మొదట్లో కార్డులకి మెరిసే లామినేషన్ చేయించాను. కిటికీ వెలుతురు పడి సగం కార్డులు ఫోన్‌కి కనిపించేవే కావు. రెండు వారాలపాటు తప్పు ఫోన్‌దే అనుకున్నాను. తర్వాత మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, పాత నోటుపుస్తకాల అట్టలకి అంటించాం. అవే ఇంకా నడుస్తున్నాయి. నల్ల బొమ్మ మీద వేళ్లు పడకుండా అంచులు పట్టుకోవడం నేర్పాలి.

మీరూ వాడాలా అంటే, నాలా 20, 25 మంది పిల్లలుండి, వాళ్లను మాట్లాడుకోనిచ్చే తీరిక ఉంటే తప్పకుండా వాడమంటాను. 50 మంది ఉన్న గదిలో ఎలా ఉంటుందో నా అనుభవంలో లేదు. ఒకటి, రెండు తరగతులకు వారం రోజులు వాడి ఆపేశాను. ఏ అక్షరం పైకి రావాలో చూసుకుని కార్డు తిప్పేసరికే ఆ చిన్నపిల్లలు ప్రశ్న మరిచిపోతున్నారు.