కేస్ కన్వర్టర్‌కి చందా కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇంగ్లీష్ టెక్స్ట్‌ని క్యాపిటల్ లెటర్స్‌లోకి, స్మాల్ లెటర్స్‌లోకి, టైటిల్ కేస్‌లోకి (శీర్షికల్లోలా ముఖ్యమైన పదాల మొదటి అక్షరం పెద్దదిగా) మార్చిపెట్టే యాప్ ఒకటి చందా కట్టి తీసుకున్నాను. కస్టమర్ల పేర్లు, వస్తువుల వివరాలు, లింకులు ఉన్న పెద్ద లిస్టుని ఒక పద్ధతిలోకి తేవాలన్నది నా పని. యాప్ పేరు రాయడం లేదు. ఇదే మూసలో చాలా యాప్‌లున్నాయి, అన్నీ ఇంచుమించు ఒకే మాట చెప్తాయి: ఒక్క క్లిక్‌తో పర్ఫెక్ట్ టైటిల్ కేస్, కావాలంటే మళ్లీ పాత రూపం. నాకు ఈ రెండూ దొరకలేదు.

రెండోదే అసలు మోసం. టెక్స్ట్ మొత్తాన్ని క్యాపిటల్స్‌లోకి మార్చాక అంతకుముందు ఏ అక్షరం పెద్దది, ఏది చిన్నది అన్న సమాచారం అందులో ఎక్కడా మిగలదు. పాత ప్రతిని విడిగా దాచుకుంటే తప్ప వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. ఈ యాప్ దాచుకోదు. 'రీస్టోర్' నొక్కితే ప్రతి పదంలో మొదటి అక్షరాన్ని పెద్దది చేసి చేతిలో పెడుతుంది. నాసా పేరులో అన్నీ పెద్ద అక్షరాలే ఉండాలి, మొదటిది తప్ప మిగతావి చిన్నవైపోయాయి. ఐఫోన్‌లో చిన్న ఐ, పెద్ద పి ఉండాలి, అది తలకిందులైంది. మెక్‌డొనాల్డ్ లాంటి ఇంటిపేర్లలో మధ్యలో ఉండే పెద్ద డి పోయింది. అపాస్ట్రఫీ ఉన్న 'డోంట్'లో చివరి టి పెద్దదై కూర్చుంది. (నిజం చెప్పాలంటే ఈ చివరి తప్పు ఎక్సెల్‌లో పదాల మొదటి అక్షరాన్ని పెద్దది చేసే 'ప్రాపర్' ఫార్ములా కూడా చేస్తుంది. కాకపోతే అది పర్ఫెక్ట్ అని చెప్పుకోదు.)

పేర్లు పాడైతే కంటికి కనిపిస్తాయి, దిద్దుకోవచ్చు. కొలతలు అలా కాదు. చిన్న ఎం, పెద్ద డబ్ల్యూ రాస్తే మిల్లీవాట్. రెండూ పెద్దవైతే మెగావాట్. తేడా 100 కోట్ల రెట్లు! లేజర్ పాయింటర్ వివరాల్లో 5 మిల్లీవాట్లు కాస్తా 5 మెగావాట్లయ్యాయి. లింకులదీ అదే కథ. వెబ్‌సైట్ పేరు వరకు పెద్దాచిన్నా తేడా పట్టింపు ఉండదు గానీ, ఆ తర్వాతి భాగంలో చాలా సైట్లకు ఉంటుంది. యూట్యూబ్ వీడియో కోడ్‌లో ఒక్క అక్షరం సైజు మారినా ఆ వీడియో తెరుచుకోదు. ఒరిజినల్ ఫైలు నా దగ్గర విడిగా ఉంది కాబట్టి సరిపోయింది.

ఇక పర్ఫెక్ట్ టైటిల్ కేస్ సంగతి. అలాంటిది ఒకటంటూ లేదు. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) రచనా పద్ధతిలో నాలుగు అక్షరాలు, అంతకు మించి ఉన్న పదాలన్నీ పెద్ద అక్షరంతో మొదలవుతాయి. 'ఆఫ్', 'అండ్', 'ద' లాంటి చిన్న పదాలు శీర్షిక మధ్యలో చిన్నవిగానే ఉంటాయి. వేరే శైలులకు వేరే నియమాలు. ఏ పద్ధతి కావాలని ఈ యాప్ అడగనే అడగదు, అన్నిటికీ తలపాగా చుట్టేస్తుంది.

అన్ని భాషలూ వచ్చని కూడా రాసుకున్నారు. జర్మన్‌లో 'ఎస్‌జెట్' అనే అక్షరాన్ని క్యాపిటల్స్‌లోకి మారిస్తే మామూలుగా రెండు ఎస్‌లవుతాయి, తిరిగి స్మాల్‌కి మార్చినా ఆ రెండు ఎస్‌లే ఉంటాయి. టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ వేర్వేరు అక్షరాలు, యాప్ రెంటినీ కలిపేసింది. ఆ భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది! మన అక్షరాలకు తలకట్టు ఉంది గానీ క్యాపిటల్ ఎక్కడిది? దేన్ని దేనిలోకి మారుస్తారో వాళ్లకే తెలియాలి.

ఇంతా చేసి ఈ పని ఎంత తేలికంటే, కంప్యూటర్ లెక్కలో పెద్ద ఏ నంబరు 65, చిన్న ఏ నంబరు 97. ఆంగ్ల అక్షరాలన్నిటికీ ఈ తేడా 32 మాత్రమే. కూడితే చిన్నది, తీసేస్తే పెద్దది. దీనికి చందా ఎందుకు? వర్డ్‌లో టెక్స్ట్ సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే కేస్ మారుతూ పోతుంది. గూగుల్ డాక్స్‌లో ఫార్మాట్ మెనూ, టెక్స్ట్, అందులో క్యాపిటలైజేషన్. ఎక్సెల్‌లో అప్పర్, లోయర్ ఫార్ములాలున్నాయి. చూడ్డానికి మాత్రమే క్యాపిటల్స్ కావాలంటే వర్డ్ ఫాంట్ బాక్స్‌లో 'ఆల్ క్యాప్స్' టిక్ పెట్టండి. అడుగున అసలు టెక్స్ట్ చెక్కుచెదరదు, టిక్ తీస్తే పాత రూపం వచ్చేస్తుంది. నేను డబ్బు కట్టి కొన్నది సరిగ్గా ఇదే అనుకోండి, అది ఉచితంగానే ఉంది.

ఇంకో సంగతి, ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. నెట్ ఆపేసి చూస్తే యాప్ పని చేయడం మానేసింది. అంటే నేను పేస్ట్ చేసిన కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ వాళ్ల సర్వర్‌కి వెళ్లి వస్తున్నాయేమోనని అనుమానం. 32 కూడటానికి సర్వర్ దాకా వెళ్లాల్సిన పనే లేదు. నెట్ లేకుండా పని చేసినంత మాత్రాన యాప్‌ని పూర్తిగా నమ్మొచ్చని కాదు గానీ, చేయకపోతే మాత్రం సొంత డేటా అందులో పెట్టకండి.

అయినా ఇలాంటిది కొనాలనుకుంటే, ఉచిత ట్రయల్‌లోనే పైన చెప్పిన నాసా, ఐఫోన్, మెక్‌డొనాల్డ్, డోంట్, మిల్లీవాట్ గుర్తు ఇంగ్లీష్‌లో ఒకే వరుసలో టైప్ చేసి క్యాపిటల్స్‌లోకి, అక్కడి నుంచి వెనక్కి మార్చి చూడండి. అర నిమిషం పని. ట్రయల్ గడువు దాటితే డబ్బు దానంతటదే కట్ అయిపోతుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్‌లోనో యాప్ స్టోర్‌లోనో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి క్యాన్సిల్ కొట్టాలి.

రిఫండ్ అడిగితే 'మీరు సేవ వాడుకున్నారు కదా' అని జవాబిచ్చారు. స్క్రీన్‌షాట్లతో మళ్లీ రాశాను, ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు. తేలితే ఇక్కడే కింద రాస్తాను.