ఫ్లోరిమీటర్‌తో నాలుగేళ్లు: వెలుగు తగ్గితే వెంటనే నమ్మను

గుంటూరులో పీహెచ్‌డీలో చేరిన దగ్గర్నుంచీ డీఎన్ఏకి చిన్న అణువులు ఎలా అంటుకుంటాయో ఫ్లోరోసెన్స్‌తోనే, అంటే ఒక రంగు కాంతి వేస్తే పదార్థం మరో రంగులో ఇచ్చే వెలుగుతోనే, చూస్తున్నాను. ఆ వెలుగుని కొలిచే మెషినే ఫ్లోరిమీటర్. ఈ పద్ధతి మీద ఇష్టం పుట్టించింది బెర్బెరిన్, మన మానుపసుపులో ఉండే పదార్థం. ఉత్త బఫర్‌లో (ఆమ్లత్వం మారకుండా ఉంచే ద్రావణంలో) అది వెలిగీ వెలగనట్టు ఉంటుంది. డీఎన్ఏ ద్రావణం కాస్త కలిపి యూవీ లైటు కింద పెడితే క్యూవెట్ (శాంపిల్ పోసే చిన్న పారదర్శక గిన్నె) నిండా ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగు. మొదటిసారి చూసినప్పుడు పక్క ల్యాబ్ వాళ్లని కూడా పిలిచి చూపించాను.

రెండో ఏడాది అదే బెర్బెరిన్ నన్ను మూడు నెలలు తిప్పింది. డీఎన్ఏ మెలికలో ఉండే రెండు గాడుల్లో చిన్నదాంట్లో కూర్చుని, అక్కడ ఉన్నప్పుడే బాగా వెలిగే హెక్స్ట్ 33258 రంగుని ముందే పట్టించి, పైన బెర్బెరిన్ కొంచెం కొంచెంగా కలుపుతూ పోయాను. 350 నానోమీటర్ల కాంతి వేసి, 460 దగ్గర వెలుగు కొలవడం. వెలుగు 60 శాతం పడిపోయింది. హెక్స్ట్‌ని బెర్బెరిన్ గాడిలోంచి తోసేస్తోందని రాసుకుని, సంబరంగా గ్రాఫ్ పట్టుకెళ్లాను. మా గైడ్ మేడమ్ గ్రాఫ్ పక్కన పెట్టి, క్యూవెట్ తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నారు. "ఇంత పసుప్పచ్చగా ఉందేంటమ్మా, 350 దగ్గర అబ్జార్బెన్స్ తీశావా?"

తీయలేదు. ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో చెప్పే కొలత అది. తీస్తే 0.55 వచ్చింది, 460 దగ్గర 0.07. హెక్స్ట్‌కి చేరాల్సిన కాంతిని బెర్బెరిన్ దారిలోనే తాగేస్తోంది. దీన్నే ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్ అంటారు, పుస్తకంలో చదివిందే. దీన్ని సరిదిద్దాలంటే ఆ రెండు విలువల సగటుని పదికి ఘాతంగా వేసి, వచ్చినదాంతో రీడింగ్‌ని గుణించాలి. నాకు అది రెండు దాటింది. 60 శాతం తగ్గుదల కాస్తా 20 దగ్గర తేలింది. ఆ రాత్రి హాస్టల్లో అన్నం సహించలేదు. గ్రాఫులన్నీ మళ్లీ గీశాను.

"ఇంతకన్నా తేలిక పద్ధతి లేదు" అని మొదట్లో జూనియర్లకి చెప్పేదాన్ని. ఇప్పుడు ముందు అబ్జార్బెన్స్ తీసుకురమ్మంటున్నాను. ఇక మే నెలలో కరెంటు పోతే మెషిన్ యూపీఎస్ మీద నడుస్తుంది కానీ ఏసీ ఆగిపోతుంది. శాంపిల్ వేడెక్కితే వెలుగు దానంతటదే తగ్గుతుంది, అందుకే క్యూవెట్ హోల్డర్‌లో 25 డిగ్రీల నీళ్లు తిరుగుతుంటేనే రీడింగ్ తీస్తాను.

నాది మొక్కల రంగులతో పని. రంగులేని మందులతో చేసేవాళ్లకి ఈ బాధ ఇంత ఉండకపోవచ్చు. అణువులు అంటుకునేటప్పుడు వచ్చే వేడిని కొలిచే క్యాలరీమీటర్ మా దగ్గర లేదు, ఉన్న డీఎన్ఏ కూడా కొంచెమే. ఆ కొంచెంతోనే పని జరిపిస్తున్నది ఈ మెషినే. బెర్బెరిన్‌కైతే దాని సొంత వెలుగు పెరగడాన్నే కొలుస్తున్నాను, హెక్స్ట్ పోటీని తోడు సాక్ష్యంగా మాత్రమే పెడుతున్నాను.