జర్మనీలో ఇల్లు చూసిపెడతాం అనే కన్సల్టెన్సీ: నా రేటింగ్ 5కి 2
మా తమ్ముడి ఎమ్మెస్ కోసం విజయనగరంలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. వీసా ఫైల్ పని శుభ్రంగా చేశారు, అందులో వంక పెట్టలేం. ఇల్లు దగ్గరే తేడా కొట్టింది. నాలుగు ఫోటోలు చూపించి అడ్వాన్స్ వేసేయమన్నారే గానీ, ఆ అద్దెలో హీటింగ్, నీళ్ల ఖర్చు కలిసే ఉందా, విడిగా కట్టాలా అంటే తెల్లముఖం వేశారు. అక్కడ డిపాజిట్ 3 నెలల అద్దె దాటకూడదు, అదీ హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దె మీద లెక్క, పైగా 3 వాయిదాల్లో కట్టొచ్చు. వీళ్లేమో మొత్తం ఒకేసారి, అదీ ఇక్కడి నుంచే అంటారు! చాలా ఇళ్లలో వంటగది అంటే ఖాళీ గదే, సింకు కూడా ఉండదు. అన్నిటికంటే ముందు అడగాల్సింది, అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి (అంటే అక్కడ దిగాక ఆ ఊరి ఆఫీసులో మన అడ్రస్ నమోదు చేయించుకోవడానికి) ఓనర్ సంతకం చేసిన కాగితం ఇస్తాడా లేదా అని. వీసాకైతే వెళ్లండి, ఇంటికి మాత్రం వద్దు.