నెగ్రిట్యూడా, ఫానన్ దారా? ఆఫ్రికా రచయితలకు ఏది మేలు చేసింది?

ఆఫ్రికా రచయితల మీద వలస వ్యతిరేక సిద్ధాంతాల ప్రభావం గురించి మాట్లాడితే రెండు దారులు ఎదురవుతాయి. ఒకటి 1930లలో పారిస్‌లో చదువుకుంటున్న కవులు ఎమె సెజైర్, లియోపోల్డ్ సెంఘోర్, లియాన్ దమాస్ మొదలుపెట్టిన నెగ్రిట్యూడ్, అంటే నల్లజాతి అస్తిత్వాన్ని గర్వంగా చాటుకున్న సాహిత్య ఉద్యమం. రెండోది సెజైర్ పాఠాలు చెప్పిన బడిలోనే చదివి, అల్జీరియాలో మానసిక వైద్యుడిగా పనిచేసి, అక్కడి విముక్తి పోరాటంలో కలిసిపోయిన ఫ్రాంజ్ ఫానన్ దారి.

మీకు చరిత్రే లేదని తెల్లవాళ్లు బడిలో నూరిపోసిన తరానికి తన నలుపు తనకు గర్వమని చెప్పుకోవడం చాలా పెద్ద విషయం. కవిత్వానికి నెగ్రిట్యూడ్ ఇచ్చిన ఊపిరిని నేను తక్కువ చేయను. కానీ జెండా మారాక ఏం చేయాలన్న ప్రశ్న వచ్చేసరికి దాని దగ్గర జవాబు లేదు. ఫానన్ ఆ ప్రశ్న దగ్గరే నిలబడ్డాడు. 1961లో, చనిపోయిన ఏడాదే వచ్చిన పుస్తకంలో, తెల్లదొర ఖాళీ చేసిన కుర్చీలో స్థానిక ధనికవర్గం కూర్చుని విదేశీ కంపెనీలకు దళారీ పని చేస్తుందని హెచ్చరించాడు.

సెనెగల్ దర్శకుడు సెంబెన్ ఉస్మాన్ సినిమా 'హాలా' (1975) చూస్తే ఆ హెచ్చరిక కళ్లకు కడుతుంది. అందులో సెనెగల్ రాజధాని డాకర్‌లోని వ్యాపారి ఫ్రాన్స్ నుంచి వచ్చిన సీసా నీళ్లు తప్ప తాగడు, కారు రేడియేటర్‌లో కూడా అవే పోయిస్తాడు. సెనెగల్ సెన్సార్ ఆ సినిమాలో చాలా దృశ్యాలు కత్తిరించింది. అప్పుడు ఆ దేశాధ్యక్షుడు ఎవరో కాదు, నెగ్రిట్యూడ్ కవి సెంఘోరే. నా ఓటు ఫానన్‌కు పడటానికి ఇదొక్కటి చాలు.

నవలలోనూ అంతే. ఘనా రచయిత అయి క్వే ఆర్మా 1968 నవలలో లంచాల కంపు ఆ చూపుతోనే పట్టుకున్నాడు. కెన్యా రచయిత గూగీ వా థియాంగో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో చదువుకునే రోజుల్లో ఫానన్‌ను చదివాడు. ఆ తర్వాత ఆయన రచనే మారిపోయింది. 1977 జులైలో కొత్త పాలకులను ఉతికి ఆరేసిన ఆయన ఇంగ్లీషు నవల సాక్షాత్తూ ఆర్థిక మంత్రి చేతుల మీదుగా విడుదలైంది. అదే ఏడాది కమిరీతు గ్రామంలో రైతులు, కూలీలతో కలిసి తన మాతృభాష గికుయులో నాటకం వేశాడు. కొన్ని వారాలకే లైసెన్సు రద్దయింది, డిసెంబర్ 31న అరెస్టు చేశారు. జైల్లో టాయిలెట్ పేపర్ మీద గికుయులోనే నవల రాశాడు. 1980లలో వరవరరావు కూడా జైల్లో ఉండగానే దాన్ని తెలుగు చేశారు.

ఇక్కడే ఫానన్‌లో ఒక వెలితి కనిపిస్తుంది. ఆయన రాసింది ఫ్రెంచిలో. ఏ భాషలో రాస్తే పాలకుడికి టెన్షన్ పుడుతుందో తేల్చి చూపించింది గూగీయే. ఇంకో వెలితి ఇంటి లోపలిది. భర్త రెండో పెళ్లి చేసుకుంటే ఆడమనిషి గతేమిటన్నది ఈ రెండు సిద్ధాంతాలూ పెద్దగా పట్టించుకోలేదు. దానికి సెనెగల్ రచయిత్రి మరియామా బా 1979లో వచ్చిన చిన్న నవల దగ్గరికే వెళ్లాలి. కొత్తగా ఆఫ్రికా సాహిత్యం మొదలుపెట్టేవాళ్లు ముందు ఫానన్‌ను, వెంటనే గూగీని, ఆ పక్కనే ఈమెను చదవండి. సెంఘోర్ కవితలు ఆ తర్వాతైనా ఫర్వాలేదు.