రైల్స్ కంట్రోలర్ టెస్టులు: 200 వస్తే చాలదు

నా పని ఎక్కువగా ఎవరెవరో రాసి వెళ్లిపోయిన పాత అప్లికేషన్లతోనే. అలాంటి చోట, రూబీ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే చట్రమైన రూబీ ఆన్ రైల్స్‌తో పాటే వచ్చే టెస్టింగ్ సరంజామాకు, ముఖ్యంగా కంట్రోలర్ యాక్షన్లను (వచ్చిన రిక్వెస్టుకు జవాబిచ్చే కోడ్ ముక్కలను) పరీక్షించే భాగానికి, అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. విడిగా తెచ్చి అమర్చుకోవలసిన పని లేదు. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే టెస్టుల ఫోల్డరు సిద్ధంగా ఉంటుంది. ఆర్‌స్పెక్ అనే మరో టెస్టింగ్ పనిముట్టు అభిమానులు మూతి విరిస్తే విరవనివ్వండి. వాళ్ల రిక్వెస్ట్ స్పెక్‌ల అడుగున తిరిగేదీ ఈ యంత్రాంగమే.

2016లో రైల్స్ 5 వచ్చేదాకా ఈ టెస్టుల తీరు వేరు. మిడిల్‌వేర్ (రిక్వెస్టు కంట్రోలరును చేరేలోపు దాటే పొరలు) జోలికి పోకుండా యాక్షన్‌ను దాదాపు నేరుగా పిలిచి, కంట్రోలరు పేజీకి అందించే ఏ ఇన్‌స్టెన్స్ వేరియబుల్‌లో ఏముందో, ఏ టెంప్లేట్ వాడిందో తొంగిచూసేవాళ్లం. రైల్స్ 5 ఆ రెండు సౌకర్యాలనూ ప్రత్యేక జెమ్‌లోకి (విడిగా అమర్చుకునే రూబీ ప్యాకేజీలోకి) నెట్టేసింది. నేను ఆ నిర్ణయం పక్షమే. పేజీ చక్కగా వస్తున్నా, వేరియబుల్ పేరు మార్చిన పాపానికి టెస్టు పడిపోతే ఎవరికి లాభం? ఇప్పుడు టెస్టు పంపే రిక్వెస్టు మిడిల్‌వేర్ దాటి, రూటరు చూపిన దారిలో కంట్రోలరును చేరి, వ్యూ తయారుచేసిన హెచ్‌టీఎంఎల్‌తో తిరిగొస్తుంది. సర్వరు బయటికి ఏం పంపుతుందో దాన్నే మనం పరీక్షిస్తాం. ఇలాంటి టెస్టులు నెమ్మదిగా నడుస్తాయన్న పాత ఫిర్యాదును కూడా ఆ విడుదలలోనే చాలావరకు తీర్చారు.

ఇక చిక్కంతా రాయడం మరీ సులువు కావడంలో ఉంది. ఆరంభ కోడ్‌ను తానే రాసిచ్చే రైల్స్ స్కాఫోల్డ్ తయారుచేసి ఇచ్చే టెస్టులు చూడండి: జాబితా పేజీ అడిగితే వచ్చింది, కొత్త రికార్డు చేరింది, తొలగించమంటే పోయింది. అన్నీ మర్యాదస్తులు పంపే రిక్వెస్టులే. చాలా బృందాలు అక్కడే ఆగిపోతాయి. స్పందన సఫలమా (సర్వరు స్టేటస్ సంఖ్య 200 లాంటిదా) అని మాత్రమే అడిగే టెస్టుకు పేజీలో పట్టిక ఖాళీగా ఉన్నా పట్టదు. పైన పటారం, లోన లొటారం. కనీసం పేజీ హెచ్‌టీఎంఎల్‌లో వెతికే అసర్ట్ సెలెక్ట్‌తో ఆ పట్టికలో రావలసిన వరుస వచ్చిందో లేదో చూడాలి. ఈ సరంజామా అసలు విలువ తెలిసేది మాత్రం మనం కాదనవలసిన రిక్వెస్టులను పంపినప్పుడే.

ఒకటి దగ్గరగా చూపిస్తాను. శీర్షిక ఖాళీగా ఉన్న వ్యాసాన్ని క్రియేట్ యాక్షన్‌కు పోస్ట్ చేస్తాను. అసర్ట్ నో డిఫరెన్స్ బ్లాకులో వ్యాసాల సంఖ్య మారకూడదంటాను. ఆ వెంటనే స్టేటస్ 422 (పంపిన వివరాలు చెల్లవు) కావాలంటాను. పాత కోడ్‌లో ఈ రెండో వాక్యం దగ్గరే టెస్టు ఎర్రబడుతుంది, ఎందుకంటే అప్పట్లో తప్పులున్న ఫారాన్ని మళ్లీ చూపిస్తూ 200 పంపడమే అలవాటు. పేజీని పూర్తిగా మళ్లీ లోడ్ చేయకుండా మార్చే టర్బో లైబ్రరీ లేనంత కాలం దానితో ఇబ్బంది లేదు. టర్బో వచ్చాక, ఫారం పంపినప్పుడు మామూలు 200 తిరిగొస్తే అది ఆ పేజీని చూపించదు. దారి మళ్లింపో, తప్పును సూచించే 4xx, 5xx స్టేటసో ఉండాలంటుంది. వినియోగదారు బటన్ నొక్కుతూనే ఉంటాడు, తెర మీద చలనం ఉండదు. 2021 డిసెంబరులో వచ్చిన రైల్స్ 7 స్కాఫోల్డ్ 422నే పంపుతుంది గానీ, అంతకుముందు రాసిన యాక్షన్లను మనమే వెతికి పట్టుకోవాలి. ఒక్కో దానికి నాలుగైదు వరుసల టెస్టు చాలు. అన్నట్టు, ఆ స్టేటస్‌ను పేరుతో కాకుండా అంకెతోనే రాయండి. రైల్స్ అడుగున ఉండే ర్యాక్ లైబ్రరీ 3.1లో దాని పేరు మార్చారు. 422 మాత్రం మారదు.

ఇంకొకరి రికార్డును అడిగే టెస్టు నాకు అన్నిటికన్నా ప్రియమైనది. ఒకరి పేరుతో లాగిన్ అయి, మరొకరి ఇన్‌వాయిస్ నంబరు పెట్టి గెట్ పంపితే 404 రావాలి. రికార్డును లాగిన్ అయిన వ్యక్తి ఇన్‌వాయిస్‌లలోంచి కాకుండా మొత్తం పట్టికలోంచి వెతికే కోడ్ ఈ టెస్టుతో తక్షణం బయటపడుతుంది. ప్రొఫైల్ మార్చే ఫారంలో అడ్మిన్ అనే ఫీల్డును దొంగతనంగా చేర్చి పంపే టెస్టు కూడా ఈ కోవలోదే. పాత ప్రాజెక్టుల్లో 404 బదులు ఎక్సెప్షనే టెస్టు దాకా వచ్చేస్తుంది, రైల్స్ 7.1 నుంచి కొత్త ప్రాజెక్టుల అమరికలో నేరుగా 404 కనిపిస్తుంది.

ఒక మార్కు ఎందుకు కోశానంటే, టెస్టు వాతావరణంలో సీఎస్ఆర్ఎఫ్ రక్షణను (వేరే సైటు వినియోగదారు పేరుతో దొంగ రిక్వెస్టు పంపకుండా ఆపేదాన్ని) ముందుగానే ఆపి ఉంచుతారు. ప్రతి పోస్టుకూ ఆ రక్షణ అడిగే టోకెన్ జత చేయమంటే ఎవరూ టెస్టులు రాయరు కాబట్టి కారణం సబబే. కానీ ఏదో ఒక కంట్రోలరులో ఎవరైనా ఆ రక్షణను తీసేసినా టెస్టులన్నీ పచ్చగానే ఉంటాయి. అందుకే ఒక ఫైలు విడిగా పెట్టి, సెటప్‌లో రక్షణను ఆన్ చేసి, టియర్‌డౌన్‌లో మళ్లీ ఆఫ్ చేసి, ముఖ్యమైన యాక్షన్లకు టోకెన్ లేని పోస్టు పంపి తిరస్కరిస్తున్నాయో లేదో చూస్తాను. గైడ్లలో దీన్ని ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాయవలసింది.

సెషన్‌ను (లాగిన్ అయింది ఎవరో గుర్తుంచుకునే చోటును) ముందుగా నింపే వీలు లేకపోవడం ఇంకో విసుగు. నిజంగానే లాగిన్ ఫారానికి పోస్ట్ చేయాలి. ఒక హెల్పర్ రాసుకుంటే తీరిపోతుంది. డివైజ్ అనే లాగిన్ జెమ్ వాడేవాళ్లకు సైన్ ఇన్ హెల్పర్ రెడీగా ఉంది.

వేగం గురించి పేచీ లేదు. ఫిక్స్చర్లు (ముందే రాసిపెట్టిన నమూనా రికార్డులు) ఒకసారే డేటాబేస్‌లోకి ఎక్కుతాయి, ప్రతి టెస్టూ ట్రాన్సాక్షన్‌లో నడిచి చివర వెనక్కి తిరిగిపోతుంది. రైల్స్ 6 నుంచి టెస్టులను ప్రాసెసర్ల సంఖ్యను బట్టి పంచుకుని, ఒక్కో వర్కరుకు సొంత డేటాబేస్‌తో నడిపించవచ్చు. నడిచేటప్పుడు డిస్కు మీది ఒకే ఫైలులోకి సమాచారం రాసే టెస్టులు రెండుంటే మాత్రం అవి ఒకదాని కాళ్లు ఒకటి తొక్కుకుంటాయి. టెస్టు ఫైలు పేరు పక్కన టెస్టు ఉన్న వరుస సంఖ్య ఇస్తే ఆ ఒక్క టెస్టే నడుస్తుంది. రోజంతా నా చేతివేళ్లు కొట్టే ఆదేశం అదే. రైల్స్ 7.2లో వచ్చిన, డేటాబేస్ క్వెరీల లెక్క చూసే అసర్షన్‌తో, జాబితా పేజీ వరుసకో క్వెరీ పంపుతుంటే పట్టుకోవచ్చు. జావాస్క్రిప్ట్ ప్రవర్తన దీని పరిధి కాదు. దానికి బ్రౌజరును నడిపే సిస్టమ్ టెస్టులున్నాయి, వాటి నెమ్మది వాటిది.

పాత ప్రాజెక్టును 7.1కి గానీ ఆ పైకి గానీ తెచ్చిన వాళ్లు టెస్టు కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి, రెయిజ్ ఆన్ మిస్సింగ్ కాల్‌బ్యాక్ యాక్షన్స్ అనే వరుస ఉందో లేదో చూడండి. కొత్త ప్రాజెక్టుల్లో దాన్ని ఆన్ చేసే ఇస్తారు, పాతవాటిలో మనమే చేర్చుకోవాలి. ఏ యాక్షన్లకు ముందు తనిఖీ నడవాలో చెప్పే బిఫోర్ యాక్షన్‌లో డిస్ట్రాయ్ (తొలగింపు యాక్షన్) అనే పేరును ఎవరైనా అక్షరం తప్పు రాస్తే, తొలగింపుకు అడ్మిన్ తనిఖీ ఉందనే అందరూ అనుకుంటారు, నిజానికి ఉండదు. ఈ వరుస ఉంటే ఆ కంట్రోలరును తాకిన మొదటి టెస్టే ఎక్సెప్షన్‌తో పడిపోతుంది.