రెండు తెరల మధ్య గోడ: ఒక టూల్‌బార్‌తో ఏడేళ్లు

కడప వై.వి. స్ట్రీట్ పక్క సందులో మేడ మీద గది. జీఎస్‌టీ రిటర్నులు, చిన్న వ్యాపారాల లెక్కలు నా పని. 2018లో రెండో మానిటర్ కొన్నాను. దాని సుఖం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, రెండు తెరలకు అలవాటు పడినవాడు మళ్లీ ఒక్క తెర ముందు కూర్చోలేడు. నేను రాయదలుచుకున్నది విండోస్ 10 టాస్క్‌బార్‌లో, అంటే తెర అడుగున ఉండే పట్టీలో, ఒక మూలన ఉండే ఒకే ఒక్క సదుపాయం గురించి.

టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ కొడితే టూల్‌బార్స్ అని వస్తుంది. దాని లోపల చివర్న న్యూ టూల్‌బార్ అని ఉంటుంది. అక్కడ ఏదైనా ఫోల్డర్ చూపిస్తే దాని పేరు టాస్క్‌బార్ మీదికి వచ్చి కూర్చుంటుంది, పక్కన రెండు చిన్న బాణం గుర్తులతో. ఆ గుర్తు నొక్కితే లోపలున్నవన్నీ మెనూలా విచ్చుకుంటాయి. నేను చూపించిన ఫోల్డర్ పేరు ‘పార్టీలు’. మా పనిలో క్లయింట్లను అట్లే అంటాం, రాజకీయమేమీ లేదు. పార్టీ పేరు మీద మౌస్ పెడితే సంవత్సరాలు, సంవత్సరం మీద పెడితే నెలలు, నెల మీద పెడితే ఫైళ్లు. ఒక్క ఫోల్డర్ కిటికీ కూడా తెరవకుండా నాలుగు మెట్లు దిగి కావలసిన ఫైలు పట్టుకోవచ్చు. అరవై పైచిలుకు పార్టీలున్న నాకు ఇది చేతికి ఆరో వేలు మొలిచినట్టుంది.

దీన్ని పెట్టే చోటు కుదరడానికి మాత్రం నెల పట్టింది. ఎడమ తెరలో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్, కుడి తెరలో జీఎస్‌టీ పోర్టల్. టాస్క్‌బార్ కింద ఉంటే రెండో తెర నుంచి మౌస్ అంత దూరం లాగాలి. చివరికి ఎడమ తెర టాస్క్‌బార్‌ను లాక్ తీసి, లాగి, దాని కుడి అంచున నిలువుగా నిలబెట్టాను. అంటే సరిగ్గా రెండు తెరల మధ్య, రెండు గదుల నడుమ గోడలాగా. ఎటు నుంచైనా జానెడు దూరమే. మొదట్లో మౌస్ ఆ గోడ దగ్గర ఆగకుండా పక్క తెరలోకి దూకేది. రెండు వారాలకు చెయ్యి సర్దుకుంది. రెండో తెర టాస్క్‌బార్‌కు, విండో ఏ తెరలో ఉంటే దాని బటన్ అక్కడే కనిపించేలా సెట్టింగ్ పెట్టాను. బటన్లన్నీ ఒకదాంట్లో కలిసిపోకుండా పేర్లతో విడివిడిగా కూడా పెట్టాను గానీ, పోర్టల్ విండోలన్నిటి పేరూ ఒకేలా మొదలవుతుంది. పేర్లు చదివి ఏ పార్టీదో కనుక్కోవడం బ్రహ్మతరం కూడా కాదు.

ఆ మొదటి రెండేళ్లు కనిపించిన వాళ్లందరికీ దీని గురించి చెప్పాను. మా బావమరిది జిరాక్స్ షాపు సిస్టమ్‌లో నేనే పెట్టించాను. వారం తిరక్కుండా తీసేశాడు. అప్పుడు వానికి పని తెలీదనుకున్నాను.

ఇక 2024 మే సంగతి.

ఆ నెల 9న కొత్త డిస్కు, ఎస్‌ఎస్‌డీ, వేయించి, పార్టీల ఫోల్డర్ మొత్తం దాంట్లోకి కాపీ చేశాను. పాతది పాత డిస్కులో అట్లే ఉంచాను, ఎందుకైనా మంచిదని. పాత టూల్‌బార్ తీసేసి, కొత్త చోటుతో అదే పేరున ఇంకోటి పెట్టాను. అంతా బాగుంది. మా దగ్గర పనిచేసే అమ్మాయి తన సిస్టమ్ నుంచి నెట్‌వర్క్‌లో ఆ కొత్త ఫోల్డర్‌లోనే బిల్లులు ఎక్కిస్తోంది.

19వ తేదీ ఆదివారం. మరుసటి రోజు నెలవారీ జీఎస్‌టీ రిటర్ను 3బి గడువు కాబట్టి ఆదివారమైనా కూర్చున్నాం. సాయంత్రం కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్‌మంది, అంతే, రెండు తెరలూ నల్లబడ్డాయి. బ్యాటరీకి మూడేళ్లు నిండాయని నాకు తెలుసు, మార్చలేదు. తప్పు నాదే. కరెంటు వచ్చాక సిస్టమ్ ఆన్ చేశాను. టాస్క్‌బార్ చోటులోనే ఉంది, ‘పార్టీలు’ చోటులోనే ఉంది. దేవుని దయ అనుకుని పనిలో పడ్డాను.

ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి ఒకాయన ఏప్రిల్ లెక్క తీశాను. కొనుగోళ్ల రిజిస్టర్ ఎడమ తెరలో, అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో పోర్టల్‌లో 14న తయారయ్యే 2బి పట్టిక కుడి తెరలో. 2బి-లో ఉన్న పదకొండు బిల్లులు నా రిజిస్టర్‌లో లేవు. ఈయన ఎప్పుడూ ఆలస్యమే కదా అని ఫోన్ చేసి, రేపు గడువు పెట్టుకుని బిల్లులు పంపకపోతే ఎట్లన్నా అని గట్టిగానే అడిగాను.

“సామీ, పోలింగ్ ముందురోజే వాట్సాప్‌లో పంపినా గదా. ఇంగోసారి చూడు” అన్నాడు.

చూశాను. 12వ తేదీ, పదకొండు ఫోటోలు. అమ్మాయిని అడిగితే, “ఆ రోజే ఎక్కించినాను సార్” అని తన తెర తిప్పి చూపించింది. తన దగ్గర ఉన్నాయి, నా దగ్గర లేవు. ఒకే ఫోల్డర్, ఒకే పేరు. అరగంట సేపు నెట్‌వర్క్ కేబుల్ పీకి పెట్టి, రీస్టార్ట్ చేసి, ఆ అమ్మాయి మీద కూడా కొంచెం విసుక్కుని, చివరికి టూల్‌బార్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫోల్డర్ నొక్కాను. పైన అడ్రస్‌లో పాత డిస్కు!

జరిగింది తరువాత అర్థమైంది. టాస్క్‌బార్ మీద టూల్‌బార్ల అమరికను విండోస్ సైన్ అవుట్ చేసేటప్పుడో, షట్‌డౌన్ అయ్యేటప్పుడో రాసిపెట్టుకుంటుంది. నేనేమో 9 నుంచి 19 దాకా ఒక్క రోజూ షట్‌డౌన్ చేయలేదు, రాత్రి స్లీప్‌లో పెట్టి ఇంటికి పోవడం అలవాటు. కరెంటు ఒక్కసారిగా పోయేసరికి, పది రోజుల కిందటి అమరికే దానికి గుర్తున్న చివరిది. అదే తెచ్చి పెట్టింది, అదే పేరుతో, అదే చోట. టూల్‌బార్ మాయమైపోయి ఉంటే రెండు నిమిషాల్లో మళ్లీ పెట్టుకునేవాణ్ణి. ముఖం మారకుండా లోపల మనిషి మారిపోయాడు, అదీ వచ్చిన చిక్కు. అప్పటికి ఇంకో ఇద్దరి ఫైళ్లలో పాత కాపీ మీదే మార్పులు చేసి ఉన్నాను. వాటిని వెతికి కొత్తవాటిలో కలిపేసరికి రాత్రి పదిన్నర. ప్రొద్దుటూరాయనకు పొద్దున్నే ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ, ఇప్పుడు బిల్లులు పంపిన ప్రతిసారీ ‘అందినాయని చెప్పు’ అని కింద రాస్తాడు.

ఆ తరువాత మార్చుకున్నవి: యూపీఎస్ బ్యాటరీ. పాత కాపీకి వేరే పేరు. టూల్‌బార్ ఏది మార్చినా వెంటనే ఒకసారి సైన్ అవుట్. పని మధ్యలో సైన్ అవుట్ కుదరకపోతే, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని టాస్క్‌బార్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే ఎగ్జిట్ ఎక్స్‌ప్లోరర్ అని వస్తుంది. అది నొక్కి, టాస్క్ మేనేజర్‌లోంచి ఎక్స్‌ప్లోరర్‌ను (టాస్క్‌బార్‌ను నడిపేది అదే) మళ్లీ రన్ చేస్తే అమరిక భద్రమవుతుంది. ఇది మొదటే తెలిసుంటే ఎంత బాగుండేదో.

చేతికి ఆరో వేలు అన్నాను కదా, అది ఒక్క చేతికి మాత్రమే. రెండో తెర టాస్క్‌బార్ టూల్‌బార్‌లను పెట్టనివ్వదు, అవి మెయిన్ టాస్క్‌బార్ మీదే ఉండాలి. అసలు నేను మధ్యలో గోడ కట్టుకోవడానికి సగం కారణం అదే. విండోస్ 11లోనైతే ఈ టూల్‌బార్లే లేవు. 2021లో వచ్చినప్పుడే తీసేశారు. బటన్లను విడివిడిగా పేర్లతో చూపించడం 2023లో మళ్లీ తెచ్చారు గానీ, దీన్ని తేలేదు.

అమ్మాయి కొత్త సిస్టమ్‌లో ఉన్నది విండోస్ 11. నా టూల్‌బార్ లేక ఇబ్బంది పడుతుందేమోనని నేనే బాధపడ్డాను. ఆమె పార్టీ పేరులో మూడక్షరాలు సెర్చ్‌లో కొట్టి ఫైలు తీస్తుంది. నాకంటే ఆలస్యమా అని ఒకరోజు పక్కనే కూర్చుని చూశాను. పెద్ద తేడా లేదు. ఫైళ్లకు పేర్లు పద్ధతిగా పెడితే ఆమె దారే మేలేమో. నా ఫైళ్ల పేర్లు చూస్తే మా ఇంట్లో వాళ్లకే నవ్వొస్తుంది, నాకు మెట్లు దిగే దారే గతి.

అందుకని దీన్ని తప్పక వాడండి అని ఇప్పుడు ఎవరికీ చెప్పను. నా సిస్టమ్ ప్రాసెసర్ ఏడో తరానిది, విండోస్ 11కు పనికి రాదు కాబట్టి ఇంకా ఇందులోనే ఉన్నాను. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పొడిగింపులో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, చేరాను. తరువాత కొత్త సిస్టమ్ కొనాలి, గోడ కూల్చాలి. అంతదాకా ఉంచుకుంటాను.

ప్రతి నెలా ఇరవయ్యో తేదీ దగ్గర పడగానే ఆ అమ్మాయి మాత్రం నా తెర వైపు వంగి ఒకసారి అడుగుతుంది. “సార్, మీ పార్టీలు పాతవా, కొత్తవా?”