టీచర్ల ‘డార్క్ ట్రయాడ్ – ఈక్యూ’ వర్క్‌షాపు: పొద్దుటి పూటకి ఒకటిన్నర స్టార్లు, మధ్యాహ్నానికి నాలుగున్నర

తెనాలిలో చిన్న హైస్కూలు నడుపుతున్నాను. మా స్టాఫుని విజయవాడలో ఒక ట్రైనింగ్ సంస్థ పెట్టిన ఒకరోజు క్లాసుకి తీసుకెళ్లాను. పేరెందుకులెండి. మనిషికి పదిహేను వందలు, భోజనంతో కలిపి. భోజనానికి వంక పెట్టను.

పొద్దున ఎస్‌డీ3 (షార్ట్ డార్క్ ట్రయాడ్) అని 27 వాక్యాల కాగితం ఇచ్చారు. జోన్స్, పాలస్ 2014లో తెచ్చినది. నార్సిసిజం (తనంతవాడు లేడనుకోవడం), మాకియవెలియనిజం (తన పనికి మనుషుల్ని ఆడించడం), సైకోపతీ (జాలీ బెరుకూ లేకపోవడం), ఈ మూడు చీకటి గుణాలే డార్క్ ట్రయాడ్. ఒక్కోదానికి తొమ్మిది వాక్యాలు, 1 నుంచి 5 దాకా మార్కులు మనకి మనమే వేసుకోవాలి. పరిశోధనకి పనికొచ్చే కొలత అది, మనిషికి ముద్ర కొట్టడానికి కాదు. వీళ్లేమో ఎక్కువొస్తే ఎరుపు, మధ్యస్థమైతే పసుపు, తక్కువైతే పచ్చ రంగులేసి పేర్లతో సహా తెర మీద పెట్టారు. మా పీఈటీ సారు ఎర్రగా తేలాడు, భోజనాల దాకా నోరు విప్పలేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని మానసికంగా వేధించడం కూడా తప్పంటుందని అంతకు గంట ముందే స్లయిడు వేసి చెప్పిన మనుషులు!

ఈక్యూ, అంటే భావోద్వేగ ప్రజ్ఞ (మన మనసునీ ఎదుటివాళ్ల మనసునీ పసిగట్టే నేర్పు) పరీక్షా అంతే, సొంత డబ్బా. అందులో ఫస్టొచ్చిన మేడమ్‌కి ఏ పిల్ల ఏ మాటకి ఏడుస్తుందో బాగా తెలుసు. ఆవిడ క్లాసులోనే ఏడుపులెక్కువ.

డబ్బులు గిట్టింది మధ్యాహ్నం. పదో తరగతి కుర్రాడు స్లిప్పులు పెట్టి దొరికాడు, ఏం శిక్ష వేస్తారో రాయమన్నారు. ఆ తర్వాత ఎందుకో రాయమన్నారు. దాదాపు అందరం ‘మిగతావాళ్లకి భయం ఉండాలని’ అనే రాశాం. అప్పుడు ట్రైనరు, “సరే, ఈ శిక్ష సంగతి బడిలో ఇంకెవరికీ తెలీదనుకోండి. ఇప్పుడు ఎంత తగ్గిస్తారు?” అన్నాడు. ఒక్కరూ తగ్గించలేదు. పచ్చరంగు వాళ్లు కూడా! మా తెలుగు మాస్టారైతే పెన్ను మూసేసి, “భయం కోసం కాదండీ, వాడికి తగలాల్సింది తగలాలనే రాశాను” అని ఒప్పేసుకున్నారు. పీఈటీ సారు రాసింది మాత్రం వాళ్ల నాన్నతో మాట్లాడి, మళ్లీ పరీక్ష పెట్టమని.

2019 డిసెంబరులో దిశ కేసు నిందితుల్ని కాల్చి చంపిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ తర్వాత పోలీసుల మీద పూలు చల్లినవాళ్లంతా సైకోపాత్‌లా? మన పక్కింటివాళ్లే, ఆడపిల్లల తల్లిదండ్రులే. ఆ కాల్పులు కావాలనే జరిపారని తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. కోపం న్యాయమైనదైతే చెయ్యి ఎంత బరువుగా పడుతుందో పొద్దుటి కాగితానికి అందదు, మధ్యాహ్నం పాఠంలో అందింది.

వెళ్లేవాళ్లు పూట విడిగా ఇస్తారేమో అడగండి. ఇవ్వనంటే, మార్కులు మూసిన కవర్లో ఇస్తామని ముందే మాట తీసుకుని డబ్బు కట్టండి.